షీట్‌కెక్కని ప్రార్థన

మా ఆయన కుడి భుజం రెండంగుళాలు పైకి లేచిన రోజు నేను అరిచిన అరుపుకి కింది వాటాలో ఉండే ఓనరమ్మ చేతిలో చీపురుతోనే మెట్లెక్కి వచ్చేసింది.

"ఏమాయె అప్పా, ఏమాయె? పడినాడా?" అంది రొప్పుతూ.

"పడలేదమ్మా, లేచింది! భుజం లేచింది!"

ఆవిడ చీపురు మూలన పడేసి మంచం దగ్గరికొచ్చింది. "ఏదీ, ఇంకొకపారి లేపప్పా, నేను చూడల్ల" అంది. ఆయన ఊపిరి బిగబట్టి, మొహం ఎర్రగా చేసుకుని మళ్ళీ లేపారు. మేమిద్దరం చప్పట్లు కొట్టాం. నేను పరిగెత్తుకెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుని, షీట్ తెరిచి, భుజం లైనుకి ఎదురుగా "క్లోజ్డ్" అని టైపు చేశాను. ఆరు ఇంగ్లీషు అక్షరాలు కొట్టడానికి నాలుగుసార్లు తప్పులు పోయాయి.

ఇదంతా రెండు వేల రెండు, మూడు ప్రాంతాల మాట. మారతహళ్ళిలో మొదటి అంతస్తులో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. ఇద్దరివీ వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఆయన ప్రోగ్రాములు రాసేవారు. నేను వేరే కంపెనీలో టెస్టింగ్, అంటే ఇంకొకరు రాసినదాంట్లో తప్పులు పట్టడం నా పని. "ఇంట్లోనూ అదే డ్యూటీ నీకు" అని ఆయన ఏడిపించేవారు. నిజమే. ఏ పనైనా ముక్కలు చేసి, నంబర్లు వేసి, ఒక్కోదాన్నీ కళ్ళతో చూసి టిక్కు పెడితే తప్ప నాకు మనసు కుదుటపడదు. కోపం కూడా ముక్కు మీదే ఉంటుంది, దాచుకోవడం రాదు.

జబ్బు ఒక సోమవారం ఆయన అరికాళ్ళలో తిమ్మిరిగా మొదలైంది. కొత్త బూట్లు కదా, బిగుతేమో అనుకున్నాం. బుధవారానికి మా ఇంటి మెట్లు ఎక్కలేకపోయారు. శుక్రవారం ఆసుపత్రి మంచం మీద చెయ్యి ఎత్తబోతే లేవలేదు. ఒంట్లోని రక్షణ బలగమే పొరపాటున సొంత నరాల మీద పడిందని, కాళ్ళ నుంచి పైకి పాకుతోందని, ఊపిరి దాకా వస్తే మిషన్ పెట్టాలని డాక్టర్ చెప్పారు. పెళ్ళై అప్పటికి రెండేళ్ళు.

మా తెలుగు ఫెలోషిప్ ఆదివారం మధ్యాహ్నాలు ఒక స్కూలు హాల్లో జరిగేది. పాస్టరు గారిని అందరం అయ్యగారూ అనేవాళ్ళం. కబురు తెలిసిన గంటలో ఆయన చిన్న సీసాలో ఒలీవ నూనె పట్టుకుని ఆసుపత్రికి వచ్చారు. నుదుటికి రాసి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. పక్కన నర్సు గడియారం చూస్తూ నిలబడింది. బయట మావాళ్ళు గొలుసు ప్రార్థన మొదలుపెట్టేశారు. ఇరవైనాలుగు గంటలు పంచుకుని, ఒకరి గంట అయ్యేసరికి ఇంకొకరు అందుకోవడం. మామూలుగా అయితే తెల్లవారుజాము గంటలకి మనుషులు దొరకరు. మా ఫెలోషిప్‌లో సగం మంది అమెరికా క్లయింట్ల కోసం మేలుకుని ఉండేవాళ్ళే కాబట్టి ఆ గంటలకే పోటీ ఎక్కువ.

ఐదు రోజులు ఇంజక్షన్లు ఎక్కించారు. జబ్బు ఛాతీ దాకా వచ్చి అక్కడ ఆగింది. మందు ఆపిందా, ప్రార్థన ఆపిందా అని ఆఫీసులో ఒకాయన అడిగాడు. రెండూ చేశాం, రెండూ మానలేదు, ఆగినందుకు స్తోత్రం అన్నాను. నిజంగానే ఆ రోజుల్లో దాన్ని విడదీసి చూసే ఓపిక నాకు లేదు. "గండం గడిచింది. బలం తిరిగి వస్తుంది. ఎంత వస్తుందో, ఎప్పటికి వస్తుందో చెప్పలేను" అన్నారు డాక్టర్. మా ఆయన మళ్ళీ తన కాళ్ళ మీద తను నిలబడతారా లేదా అన్న ఒక్క ప్రశ్నతో అంబులెన్స్‌లో ఇంటికొచ్చాం. నేను పొడుగు సెలవు పెట్టేశాను.

ఇంటికొచ్చిన వారంలోనే షీట్ తయారుచేశాను. ప్రార్థన అంశాల షీట్. మొత్తం మనిషిని నలభై మూడు లైన్లుగా విడగొట్టాను. ఎడమ కాలి బొటనవేలు కదలాలి. కుడి కాలి బొటనవేలు కదలాలి. చీలమండ తిరగాలి. మోకాలు మడవాలి. చెంచా పట్టుకోవాలి. పక్కన ఒక గడిలో ఆ లైను కోసం ఎవరు ప్రార్థిస్తారో, ఇంకో గడిలో ఓపెనా క్లోజ్డా అన్నది. రోజూ పొద్దున అందరికీ మెయిల్ పంపేదాన్ని.

అయ్యగారు దాన్ని చూసి కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "అమ్మా, దేవుణ్ణి ఇలా ముక్కలు ముక్కలుగా అడగాలా? సంపూర్ణ స్వస్థత అని ఒక్క మాటలో అడగొచ్చు కదా."

"ఆ మాట మీరు అడగండి అయ్యగారూ. నేను వేలు వేలూ అడుగుతాను. ఇచ్చింది ఏదో, ఇంకా ఇవ్వంది ఏదో నాకు తెలియాలి కదా."

ఆయన నవ్వేసి, తన పేరు ఎడమ మోకాలికి రాసుకోమన్నారు.

మూడు వారాలు ఒక్క లైనూ క్లోజ్ కాలేదు. బొటనవేళ్ళ వాళ్ళు రోజూ ఫోన్ చేసి "ఏమైనా కదిలిందా సిస్టర్?" అని అడిగేవాళ్ళు. లేదని చెప్పడానికి నాకే మొహం చెల్లేది కాదు. చివరికి ఫిజియోథెరపీ అమ్మాయి నా షీట్ చూసి తల పట్టుకుంది. ఈ జబ్బు కింది నుంచి పైకి వస్తుందట, బలం మాత్రం పైనుంచి కిందికి వస్తుందట. మెడ, భుజాలు, నడుము ముందు. పాదాలు అన్నిటికంటే ఆఖరు. ఫెలోషిప్‌లో సగం మందిని తీసుకెళ్ళి నేను కాలివేళ్ళ దగ్గర కూర్చోబెట్టాను!

ఆ సాయంత్రమే షీట్‌ని తిరగేశాను. అందరికీ కొత్త భాగాలు పంచాను. ఆనేకల్ నుంచి రెండు బస్సులు మారి ఆరాధనకొచ్చే దంపతులకి నడుము ఇచ్చాను. వైట్‌ఫీల్డ్‌లో పనిచేసే ఒక బ్రదర్‌కి మోచెయ్యి. మెడ మాత్రం ఎవరికీ రాయకుండా మిగిలింది. అది ఓనరమ్మ తీసుకుంది.

ఓనరమ్మ వాళ్ళది తరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. శుక్రవారం శుక్రవారం గుడికెళ్ళి, కుంకుమ పెట్టుకుని వచ్చి మా ఆయన్ని పలకరించేది. షీట్ సంగతి విని, "నా పేరూ రాసుకో అప్పా. మీ దేవుడికి నా మాట ముట్టుతాదో లేదో నాకు తెల్దు. పొద్దున్నే ముగ్గేసేటప్పుడు ఎట్లాగూ మేలుకొనే ఉంటా" అంది. మా ఫెలోషిప్ సెక్రటరీ సిస్టర్‌కి ఇది నచ్చలేదు. ఆవిడ ఒక కంపెనీలో హెచ్.ఆర్., ఎవరు ఏ జాబితాలో ఉండొచ్చో చెప్పడం ఆవిడ వృత్తి. "ఆవిడ విశ్వాసి కాదు కదా సిస్టర్" అంది ఫోన్లో. "మెడకి ఎవరూ లేకుండా వదిలేయమంటారా?" అన్నాను. పది రోజుల్లో మెడ నిలబడింది, షీట్‌లో మొట్టమొదట క్లోజైన లైను అదే. నేను ఆ మెయిల్ సెక్రటరీ సిస్టర్‌కి రెండుసార్లు పంపాను.

ఇక అక్కణ్ణించి ఇల్లంతా సందడే. భుజం తర్వాత మోచెయ్యి. మోచెయ్యి వంగిందని ఫోన్ చేస్తే వైట్‌ఫీల్డ్ బ్రదర్ ఆఫీసు క్యాంటీన్‌లో "నాదే! మోచెయ్యి నాదే!" అని గెంతాడట, పక్కవాళ్ళు ప్రమోషన్ వచ్చిందనుకుని చెయ్యి కలిపారట. ఆనేకల్ దంపతులు రోజూ సాయంత్రం పబ్లిక్ బూత్ నుంచి ఫోన్ చేసి నడుము సంగతి కనుక్కునేవాళ్ళు. ఒక్కో లైను క్లోజ్ అయిన రోజు నాకు కాళ్ళు నేల మీద ఆనేవి కావు. ఎవరు పలకరించినా కొత్తగా ఏం కదిలిందో చెప్పేదాన్ని. కూరగాయల బండి అతనికి కూడా చెప్పాను.

ఆయనకి అన్నం పెట్టడం, ఒళ్ళు తుడవడం, బాత్రూమ్‌కి తీసుకెళ్ళడం, అన్నీ నేనే. చంకల కింద చేతులు వేసి లేపి, కుర్చీలో కూర్చోబెట్టి లాక్కెళ్ళి, లోపల కూర్చోబెట్టి, పడిపోకుండా భుజాలు పట్టుకుని నిలబడి, శుభ్రం చేసి తీసుకొచ్చేదాన్ని. ఆయన గోడ వైపు చూస్తూ ఉండేవారు. సిగ్గుపడతారేమోనని నేను అంతసేపూ స్తుతిపాటలు గట్టిగా పాడేదాన్ని. ఒక్క రోజు విసుక్కోలేదని నాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది. ఇప్పుడు రాస్తుంటే ఆ గర్వం తలుచుకుని సిగ్గేస్తోంది.

నాలుగో నెలలో ఒక ఆదివారం. ఆయన్ని దిండ్లు ఎత్తుగా పెట్టి హాల్లో మంచం మీద కూర్చోబెట్టాను. ఆనుకుంటే కూర్చోగలరు, నిలబడటం ఇంకా రాలేదు. మధ్యాహ్నం మూడున్నర. మెట్ల మీద చప్పట్లు, కంజీర మోత, పాట. తలుపు తీశాను. ఫెలోషిప్ మొత్తం! పాతికమంది. ముందు సెక్రటరీ సిస్టర్ పూలగుత్తితో, వెనక ఇద్దరు బ్రదర్లు బిర్యానీ డేగిసా మోసుకుంటూ, వాళ్ళ వెనక అయ్యగారు. "దేవునికి స్తోత్రం! ఎక్కడ మన బ్రదర్? నడిపించండి, చూద్దాం!" అంటూ లోపలికొచ్చేశారు. కింది నుంచి ఓనరమ్మ, "ఏమప్పా, ఎవరి పెండ్లి?" అని కేకేసింది.

అందరూ మంచం దగ్గరికొచ్చి, దిండ్లలో కూరుకుపోయి ఉన్న ఆయన్ని చూశారు. కంజీర ఆగిపోయింది.

జరిగిందేమిటంటే, సెక్రటరీ సిస్టర్ శనివారం ఉపవాస ప్రార్థనలో ఉండగా ఆవిడకి గొప్ప ధైర్యం కలిగిందట. అడిగినవి పొందామని నమ్మాలి కదా అని, తన దగ్గరున్న షీట్‌లో మిగిలిన ఇరవైతొమ్మిది లైన్లూ క్లోజ్డ్ అని మార్చేసి అందరికీ పంపేసింది. ఆ రెండ్రోజులు మా ఇంట్లో నెట్ పనిచేయలేదు, నేను చూడలేదు. నడక లైను కూడా క్లోజ్ అయిందని చూసి అయ్యగారు ఆరాధనలో ప్రకటించారు. కృతజ్ఞతా కూడిక పెట్టుకుందామని అందరూ అప్పటికప్పుడు బయల్దేరారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "చూడకుండా ఎలా క్లోజ్ చేస్తారండీ?"

"విశ్వాసంతో చేశాను సిస్టర్."

"విశ్వాసం ఉంటే ఉంచుకోండి. స్టేటస్ మార్చడమెందుకు?"

ఆవిడ మొహం మాడిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ నిజంగానే నమ్మింది, అది నాకు అప్పుడు కూడా తెలుసు. అయ్యగారు మధ్యలోకొచ్చి, "తప్పు నాదమ్మా. ఒక్క ఫోన్ చేసి అడగాల్సింది" అని మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. అంత పెద్దాయన అలా కూర్చునేసరికి ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు.

మా ఆయనే తేల్చారు. "అందరూ కూర్చోండి. నేనైతే లేచి కుర్చీలు వెయ్యలేను. బిర్యానీ చల్లారిపోతుంది" అన్నారు. అందరూ ఒక్కసారిగా నవ్వారు, సెక్రటరీ సిస్టర్ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. చాపలు పరిచాం. పాటలు, ప్రార్థన, భోజనాలు. ఓనరమ్మ పైకొచ్చి, మాంసం పక్కకి పెట్టించుకుని ఒట్టి అన్నం రుచి చూసింది. ఎంత బాగా జరిగిందో ఆ సాయంత్రం! మధ్యలో నాకు గుర్తొచ్చి, గదికి ఆ చివర నుంచే గట్టిగా అడిగాను. "ఏవండీ, బాత్రూమ్‌కి తీసుకెళ్ళనా?"

నలుగురు బ్రదర్లు ఒక్క ఉదుటున లేచారు. "మీరుండండి సిస్టర్, మేం ఎత్తుకుని తీసుకెళ్తాం!" ఎంత ప్రేమగా అన్నారో.

"అక్కర్లేదు" అన్నారు ఆయన. బాత్రూమ్ తలుపు హాల్లోకే ఉంటుంది. ఆ తర్వాత మంచినీళ్ళిచ్చినా తాగలేదు. ఏడు గంటలకి అందరూ వెళ్ళేదాకా అలాగే కూర్చున్నారు.

వాళ్ళు వెళ్ళాక బాత్రూమ్‌కి తీసుకెళ్ళి తీసుకొచ్చాను. మంచం మీద పడుకోబెడుతూ, "ఎంత బాగా జరిగింది కదండీ" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "నీ షీట్‌లో నలభై మూడు లైన్లున్నాయి. అందులో నేను అడిగింది ఒక్కటీ లేదు" అన్నారు.

"అన్నీ మీ గురించేగా!"

"నా గురించే. నన్నెవరు అడిగారు?"

దుప్పటి సర్దుతూ, "చెప్పండి, ఏం రాయమంటారు?" అన్నాను.

"ఆ బాత్రూమ్‌లోకి నేనొక్కణ్ణే వెళ్ళాలి. లోపల్నించి గడియ పెట్టుకోవాలి. నువ్వు కూడా ఉండకూడదు. నడవడం, బండి నడపడం, ఆఫీసు, అవన్నీ తర్వాత. నాలుగు నెలల్నుంచీ నేను దేవుణ్ణి అడుగుతున్నది అదొక్కటే."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అంత చేశానే, ముక్కు చిట్లించకుండా, పాటలు పాడుతూ చేశానే, నేను ఉండకూడదా అని. ఆ కోపంతోనే లేచి కంప్యూటర్ దగ్గరికెళ్ళాను, రాసేస్తే సరిపోతుందని. నలభై నాలుగో లైను.

"రాయకు" అన్నారు. "రాస్తే రేపు పొద్దున వైట్‌ఫీల్డ్ అంతా చదువుతుంది. ఆ బ్రదర్ క్యాంటీన్‌లో గెంతుతాడు."

అప్పుడు వచ్చింది నాకు నవ్వు, ఏడుపు, రెండూ కలిసి. కంప్యూటర్ ఆపేశాను. తలుపు తీసే ఉంచి ఆ బాత్రూమ్‌లో నాలుగు నెలలు నేను పాడిన పాటలన్నీ గుర్తొచ్చాయి. మంచం దగ్గర మోకరించి ఆయన చెయ్యి పట్టుకున్నాను. తీరా మొదలుపెడితే ప్రార్థన కదల్లేదు. మాకు చిన్నప్పట్నుంచీ అలవాటైన ప్రార్థన మాటలు గంభీరంగా ఉంటాయి. "మహోన్నతుడవైన తండ్రీ, నీ కృపాసనము యొద్దకు" అని మొదలుపెట్టి బాత్రూమ్ గడియ దగ్గరికి ఎలా రావాలో తెలియలేదు. రెండుసార్లు ఆగిపోయాను. చివరికి, "ప్రభువా, ఈయన తలుపేసుకోవాలి. నేను బయటుండాలి. అంతే. ఆమెన్" అన్నాను. ఆయన గట్టిగా ఆమెన్ అన్నారు.

ఆ రోజు నుంచి మాకు రెండు ప్రార్థనలు. షీట్‌లోది అందరిదీ. ఇది మా ఇద్దరిదీ. నిజం చెప్పొద్దూ, అంత ఉత్సాహం నాకు షీట్‌తో కూడా రాలేదు. పొద్దున లేస్తూనే ఇద్దరం దొంగల్లా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళం. చపాతీ పిండి ముద్ద చేతికిచ్చి పిసికించేదాన్ని, వేళ్ళకి పట్టు రావాలని. ఐదో నెలలో మోకాళ్ళు నిలిచాయి. వాకర్ పట్టుకుని రెండడుగులు, తర్వాత నాలుగు. షీట్‌లో లైన్లు ఒక్కోటీ క్లోజ్ అవుతున్నాయి, ఈసారి నేనే చూసి చేస్తున్నాను. సెక్రటరీ సిస్టర్ ప్రతి ఆదివారం వచ్చి, "చూశాకే నమ్ముతాను సిస్టర్, చూపించండి" అని నన్ను దెప్పేది. ఇద్దరం బాగా కలిసిపోయాం.

గడియ పెట్టుకోవద్దని ఫిజియోథెరపీ అమ్మాయి గట్టిగా చెప్పింది. లోపల పడితే తలుపు బద్దలుకొట్టాలి. నాకూ భయమే. అందుకని టెస్టింగ్ మనిషిని కదా, ఆయనకి ఒక పరీక్ష పెట్టాను. ఏమీ పట్టుకోకుండా పావుగంట నిలబడాలి. కమోడ్ మీంచి నా చెయ్యి తగలకుండా వరసగా పదిసార్లు లేవాలి. ఆరో నెల చివర్లో ఆయన అది చేశారు. నాకు నమ్మకం చాలక పదకొండోసారి కూడా లేపించాను.

ఒక్కటే మిగిలింది. గడియ తలుపుకి బాగా పైన ఉంది, బిగుతు కూడా. ఆయన చెయ్యి అంత ఎత్తుకి వెళ్ళినా వేళ్ళకి అక్కడ పట్టు నిలవలేదు. నేను కిందికెళ్ళి, గడియ కాస్త కిందికి పెట్టిస్తారా అని ఓనరమ్మని అడిగాను. ఎందుకో చెప్పలేదు. ఆవిడ బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగిపోయింది.

"లోపల తట్టు గడియనా?" అంది.

తలూపాను.

ఆవిడ చాట పక్కన పెట్టింది. "మా ఇంటాయన పోయేముందర మూడేండ్లు మంచంలో ఉండె. నేనే చేసినా అంతా. దినామూ ఆ తలుపు దగ్గిరికి లాగినానే గానీ, ఒక దినమన్నా నీకేం కావాల అని అడగలేదమ్మా. నాకు తెలిసుంటే తలుపు చాటునన్నా నిలబడుంటిని." చీర కొంగుతో ముక్కు తుడుచుకుని, లేచి, "ఇయ్యాలే వడ్రంగిని పిలుస్తా" అంది. సాయంత్రానికి నడుము ఎత్తులో కొత్త గడియ, కమోడ్ పక్కన గోడకి పట్టుకోవడానికి ఇనప కడ్డీ, రెండూ వచ్చేశాయి.

మర్నాడు పొద్దున ఏడున్నర. పైన విమానం ఒకటి కిందికి దిగుతూ కిటికీలు అదరగొడుతూ పోయింది. అది వెళ్ళిపోయేదాకా ఆగి, ఆయన వాకర్ పట్టుకుని లేచారు. ఆరడుగులు. ఎడమ పాదం కొంచెం ఈడుస్తూ. ఆ పాదం ఇప్పటికీ అంతే, ఆ లైను ఒక్కటే షీట్‌లో ఓపెన్‌గానే ఉండిపోయింది. నేను వెనక రెండు చేతులూ చాపి నడుస్తున్నాను. తలుపు దగ్గర ఆగి, తల తిప్పకుండానే, "ఇక్కడితో ఆగు" అన్నారు.

ఆగాను. తలుపు మూసుకుంది. గడియ గీసుకుంటున్న చప్పుడు. జారింది. మళ్ళీ గీసుకుంది, మళ్ళీ జారింది. నేను లోపలికి వినపడకుండా పెదాలతోనే ప్రార్థన చేస్తున్నాను. అది ప్రార్థనా కాదు, "కొంచెం, కొంచెం, ఇంకొంచెం" అంటున్నాను. మూడోసారి గడియ టక్‌మని పడింది.

ఎగిరి గంతేశాను. అరుపు వచ్చేసేది, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఇల్లంతా ఒక చుట్టు తిరిగొచ్చి మళ్ళీ తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల చప్పుడు లేదు.

"ఏవండీ?"

తలుపుకి చెవి ఆనించాను.

"ఏవండీ, బాగానే ఉన్నారా?"

"బాగున్నాను. నువ్వు వెళ్ళు."

"ఇక్కడే ఉంటాను. మాట్లాడను."

"నువ్వక్కడుంటే నేనిక్కడ ఒక్కణ్ణే ఉన్నట్టు కాదు. కిందికి వెళ్ళు" అన్నారు. గొంతులో నవ్వుందో ఏడుపుందో తెలియలేదు.

వెళ్ళడం ఎంత కష్టమైందో! చెప్పుల్లేకుండా మెట్లు దిగాను. ఓనరమ్మ కుళాయి దగ్గర బిందె కడుగుతోంది. నా మొహం చూసి కుళాయి కట్టేసింది.

"ఒక్కడే ఉండాడా?"

"ఒక్కరే ఉన్నారమ్మా."

ఆవిడ తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం మెట్ల కింద నిలబడి పైకే చూస్తున్నాం. పడిన చప్పుడు వస్తుందేమోనని నా చెవులు రెండూ అక్కడే ఉన్నాయి. నీళ్ళు పోసుకుంటున్న శబ్దం వచ్చింది. ఆగింది. చాలాసేపు ఏమీ లేదు. నా వేళ్ళు ఆవిడ చేతిలో నొప్పిపుట్టాయి, ఎవరు గట్టిగా పట్టుకున్నామో తెలియదు. తర్వాత గడియ తీసిన చప్పుడు. వాకర్ నేలకి ఆనిన చప్పుడు. ఒకటి, రెండు, మూడు.

నన్ను పిలుస్తారని కాలు మెట్టు మీద పెట్టి ఎదురుచూశాను. వాకర్ చప్పుడు హాల్లోంచి మంచం దాకా వెళ్ళి ఆగింది. ఆయన నన్ను పిలవలేదు.